మాస్టారు శాకాహారే కదా, మరి గుండెపోటు ఎందుకొచ్చింది?

తల్లిదండ్రులకు నమస్కారం.

సోమవారం అసెంబ్లీలో మన పీఈటీ మాస్టారు ఛాతీ పట్టుకుని కూలబడ్డ సంగతి మీకు తెలిసిందే. వాట్సాప్ గ్రూపుల్లో తలా ఒకటి రాస్తున్నారు కాబట్టి నేనే చెబుతున్నాను. ఆయనకు గుండె రక్తనాళంలో ఒక స్టెంటు వేశారు. ఇంటికొచ్చేశారు, నిన్న ఫోనులో బాగానే మాట్లాడారు. డ్రిల్లు పీరియడ్ తీసేయమని కొందరు అడిగారు. తీసేయను. పిల్లల గుండెకు ఆట కావాలి.

మన పదో తరగతి పిల్లల గురించి చెప్పకుండా ఉండలేను. మాస్టారికి చెమటలు కారిపోతున్నాయి, ఎడమ చెయ్యి లాగుతోందంటున్నారు. గ్యాసేమో, సోడా తెప్పిద్దామని మాలో ఒకరన్నారు. "గ్యాస్ కాదు మేడం, 108కి చేద్దాం" అని ఒకబ్బాయి నా ఫోను అందుకున్నాడు. రామాలయం పక్క సందు, నీలం గేటు అని తడబడకుండా గుర్తులు చెప్పాడు. ఇంకొకడు మెయిన్ రోడ్డు మీదికి పరిగెత్తి అంబులెన్సుకు దారి చూపించాడు. ఆ ఇద్దరినీ కన్నవాళ్లకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

"మాస్టారు గుడ్డు కూడా ముట్టరు కదా, ఆయనకెందుకొచ్చింది?" అని ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. ఆయనకు ఎందుకొచ్చిందో డాక్టర్లు చెప్పాలి. వంశం, బీపీ, షుగరు, ఎన్నైనా ఉండొచ్చు. కానీ మాంసం మానేస్తే గుండెకు ఢోకా లేదన్న నమ్మకం మాత్రం తప్పు. పామాయిల్లో వేగిన బజ్జీ శాకాహారమే. మైదా బిస్కెట్టూ శాకాహారమే. గుట్టగా తెల్లన్నం, నంజుకోను ఆవకాయ, పక్కన అప్పడం, అదీ శాకాహారమే. గుండెను కాచేది పప్పు, ఆకుకూర, కాయగూర, పండు. కొలెస్ట్రాల్ నుంచి తయారయ్యే పైత్యరసాన్ని వీటిలోని పీచు పేగుల్లో పట్టుకుని బయటికి పంపేస్తుంది. మళ్లీ రసం తయారు చేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను లాక్కుంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 100 గ్రాముల పండ్లు తినమంటోంది. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట, అంటే ఒక్క టీస్పూను. పచ్చడి జాడీ వైపు ఒకసారి చూడండి. మాంసం తినే ఇళ్లను మానేయమనడం లేదు. గోంగూర మాంసంలో గోంగూర వాటా పెంచండి, అంతే.

ఎస్‌ఏ-1 పరీక్షల టైంటేబుల్ డైరీలో అంటించాం, రెండో టర్మ్ ఫీజు 10వ తేదీలోగా కట్టండి, బెల్టు లేకుండా పంపకండి.

మీరు ఎంతో ప్రేమగా బాక్సు సర్దుతారని తెలుసు. అయినా గురువారం ఐదో తరగతిలో మూతలు తీయించి చూస్తే ఆకుకూర కనబడింది నాలుగు బాక్సుల్లోనే. మిగతావాటిలో ఎక్కువగా నూడుల్స్, చిప్స్. మధ్యాహ్నం గేటు దగ్గరికి ఫ్రైడ్ రైస్ పార్సిల్ పంపేవాళ్లు దయచేసి ఇక పంపకండి, వాచ్‌మన్ తీసుకోడు. "మావాడు కూర ముట్టడండీ" అని నాతో అంటున్నారు. నాన్నగారు కంచంలో కరివేపాకుతోపాటు సొరకాయ ముక్కలు కూడా పక్కకు నెడుతుంటే వాడు మాత్రం ఎలా ముడతాడండీ?

అదే పిల్లలు బడిలో ఎలా ఉన్నారో చూడండి. నీళ్ల ట్యాంకు వెనక ఎనిమిదో తరగతివాళ్లు వేసిన మళ్లలో శుక్రవారం మొదటి కోత కోశాం. ఇంట్లో ఆకుకూర వాసనే గిట్టదని వాళ్లమ్మ చెప్పిన పిల్ల తోటకూర కాడను గోటితో గిల్లి, "మేడం, ఇట్టే తెగుతోంది, లేతది! ఇవాళే వండాలి" అంది. మధ్యాహ్నం పప్పులో వేస్తే రెండుసార్లు వడ్డించుకుంది. నాకు కళ్లనీళ్లొచ్చాయి.

ఈ శనివారం ఉదయం 10 గంటలకు పేరెంట్స్ మీటింగ్. తోటకూర పప్పు, జొన్న రొట్టె పిల్లలే దగ్గరుండి వడ్డిస్తారు. అమ్మలు ఎలాగూ వస్తారు. నాన్నలు కూడా తప్పకుండా రావాలి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు