చుక్కల లెక్క

తార్నాక,
హైదరాబాదు.

ప్రియమైన మిత్రమా,

మీ అమ్మాయి చదువు ఎలా సాగుతోందని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతావు. ఈసారి చెప్పవలసిన సంగతి కాగితం మీద తప్ప ఫోన్లో చెప్పడానికి వీలయ్యేది కాదు.

నిన్న రాత్రి భోజనాలయ్యాక, తను ఇథనాల్‌కు గీసిన లూయిస్ నిర్మాణాన్ని, అంటే అణువులోని బంధాలను గీతలతో, మిగిలిన ఎలక్ట్రాన్లను చుక్కలతో చూపే బొమ్మను, తెచ్చి చూపించింది. రెండు కార్బన్లు, పక్కన ఆక్సిజన్, చుట్టూ ఆరు హైడ్రోజన్లు, మొత్తం ఎనిమిది బంధాలూ సరిగ్గానే ఉన్నాయి గానీ, ఆక్సిజన్ మీద ఒక్క చుక్క కూడా లేదు. తప్పని చెప్పకుండా ఎలక్ట్రాన్లను లెక్కపెట్టమన్నాను. కార్బన్లవి 8, హైడ్రోజన్లవి 6, ఆక్సిజన్‌వి 6, వెరసి 20 వేలన్సీ ఎలక్ట్రాన్లు, అంటే బంధాల్లో పాల్గొనే బయటి ఎలక్ట్రాన్లు. గీతకు రెండు చొప్పున ఎనిమిది గీతలకూ ఖర్చయినవి 16. "మిగతా నాలుగూ ఏవి బాబాయ్?" అని తనే అడిగి, కాసేపు ఆగి, ఆక్సిజన్‌కు పైనొక జంట, కిందొక జంట చుక్కలు పెట్టింది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం నీతో పంచుకోవాలనిపించింది.

రెండు పరమాణువులు ఒక ఎలక్ట్రాన్ జంటను పంచుకోవడమే బంధమని గిల్బర్ట్ లూయిస్ 1916లో చెప్పాడు. మనం గీసే గీత ఆ రెండు చుక్కలకు బదులు వాడే గుర్తే. మన రోజుల్లో ఈ బొమ్మలను బట్టీ పట్టించారు, అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. లెక్క తెలిస్తే బొమ్మ దానంతటదే వస్తుంది. ఫార్మాల్డిహైడ్‌నే చూడు: ఒక కార్బన్, రెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్, వెరసి ఉన్నవి 12 ఎలక్ట్రాన్లు. ఇందులో కార్బన్, ఆక్సిజన్ రెండింటికీ చుట్టూ ఎనిమిదేసి ఎలక్ట్రాన్లు నిండాలి. కార్బన్ చుట్టూ మూడు గీతలు గీస్తే 6 పోతాయి, మిగిలిన 6 ఆక్సిజన్ మీద పెడితే దానికి ఎనిమిదీ నిండుతాయి, కానీ కార్బన్‌కు ఆరే ఉంటాయి. అప్పుడు ఆక్సిజన్ తన జంటల్లో ఒకదాన్ని మధ్యలోకి తెచ్చి పంచుకుంటుంది. ఆ రెండు గీతల బంధం, అంటే ద్విబంధం, ఎందుకు వచ్చిందో అమ్మాయికి నేను చెప్పనవసరం లేకపోయింది.

అవే పరమాణువులు, అవే 20 ఎలక్ట్రాన్లతో ఆక్సిజన్‌ను రెండు కార్బన్ల మధ్య పెట్టించాను. అది డైమిథైల్ ఈథర్. ఇథనాల్ 78 డిగ్రీల దగ్గర మరిగితే, ఇది సున్నాకు 24 డిగ్రీల దిగువనే మరుగుతుంది. ఆక్సిజన్ మీద ఒంటరి జంటలు, అంటే బంధంలో లేని చుక్కల జంటలు, రెండింటిలోనూ ఉన్నాయి, కానీ పక్క అణువులోని ఆ జంటను పట్టుకోవడానికి ఆక్సిజన్‌కు అంటుకున్న హైడ్రోజన్ ఇథనాల్‌లోనే ఉంది. ఆ పట్టు విడిపించడానికే దానికి ఎక్కువ వేడి కావాలి.

నైట్రోమీథేన్‌ను ఆదివారానికి ఉంచాం. అందులో ఉన్న రెండు ఆక్సిజన్లలో ద్విబంధాన్ని ఏ ఆక్సిజన్ వైపు గీయాలని తను తప్పకుండా అడుగుతుంది.

నీ మిత్రుడు