బొబ్బిలి దగ్గరే ఆగిపోతున్న కథ

మాన్యులు సంపాదకుల వారికి,

ఏటా జనవరి 24 వచ్చేసరికి బొబ్బిలి యుద్ధాన్ని తలచుకోవడం, తాండ్ర పాపారాయుడి పేరు వినగానే ఒళ్లు పులకరించడం ఉత్తరాంధ్రలో పుట్టినవారికి సహజమే. చాలా ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పిన నేనూ అందుకు మినహాయింపు కాదు. అయితే ఆ కథను 1757లోనే ముగించి, బొబ్బిలి, విజయనగరం రాజకుటుంబాల పౌరుషాల తగాదాగా మిగిల్చడం వల్ల, సముద్రం మీద వచ్చిన వర్తక కంపెనీల చేతికి లోపలి దేశం ఎలా చిక్కింది, అందులో మన జమీందారుల పాత్ర ఎంత అన్న ప్రశ్న ఎవరికీ తట్టకుండా పోతోంది. సభల్లోనూ స్మారక ఫలకాల మీదా ఈ లోటు తీరాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

1753లో హైదరాబాదు నైజాము సలాబత్ జంగ్ తన కొలువులోని పరాసు (ఫ్రెంచి) సైన్యం జీతభత్యాల కోసం కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, చికాకోలు (శ్రీకాకుళం) సర్కారులను, అంటే అప్పటి పరిపాలనా ప్రాంతాలను, పరాసులకు రాసిచ్చాడు. కాగితం మీద నాలుగు సర్కారులు దక్కాయి గాని, ఏ ఊరు ఎంత పండుతుందో, ఏ దారిన ఫిరంగి బండి నడుస్తుందో రేవులో కూర్చున్న పరాసులకు తెలియదు. శిస్తు రావాలంటే వారికి స్థానిక జమీందారు కావాలి. ఇరుగుపొరుగు మీద పైచేయి సాధించాలంటే జమీందారుకు వారి ఫిరంగులు కావాలి. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలోనే విజయనగరం పూసపాటి పెద విజయరామరాజుకు రాజమహేంద్రవరం, చికాకోలు సర్కారుల కౌలు తక్కువ మొత్తానికి దక్కింది. పరాసు సేనాని బుస్సీ బొబ్బిలి మీదికి వచ్చినప్పుడు కూడా, కోట వదిలివెళితే బదులుగా వేరేచోట భూములిస్తామని ముందు కబురు పంపాడు. బొబ్బిలి రాజు రంగారావు ఒప్పుకోలేదు. ఆ తరువాత జరిగింది అందరికీ తెలిసిందే కనుక ఇక్కడ మళ్లీ చెప్పను. కోట ముందు నిలిచిన ఫిరంగులు పరాసులవైతే, వాటిని అక్కడిదాకా రప్పించిన పగ మాత్రం మనదని గుర్తుచేస్తే చాలు.

మనం మరచిపోతున్న భాగం ఆ మరుసటి ఏడాది మొదలవుతుంది. బొబ్బిలి పడ్డాక పాపారాయుడి చేతిలో హతుడైన పెద విజయరామరాజు వారసుడు ఆనంద గజపతి రాజుకు పరాసులతో పొసగలేదు. 1757 జూన్‌లో పరాసులు ఇంగ్లీషువారి నుంచి పట్టుకున్న విశాఖపట్నాన్ని ఆయన 1758లో వారి చేతిలోంచి లాక్కుని, ఇంగ్లీషువారికే అప్పగిస్తానని కబురు పంపాడు. మద్రాసులోని ఇంగ్లీషువారు తమ కష్టాల్లో తాము ఉండగా బెంగాలు నుంచి క్లైవు కర్నల్ ఫోర్డును ఓడల మీద సైన్యంతో పంపాడు. రాజుకూ ఫోర్డుకూ కుదిరిన ఒప్పందాన్ని శ్రద్ధగా చదవాలి: సైన్యం ఖర్చు రాజు భరించాలి, గెలిచిన లోపలి దేశం రాజుది, సముద్రతీరపు రేవులూ నదీముఖాల పట్టణాలూ ఇంగ్లీషు కంపెనీవి. ఆ రోజుకు రాజు కళ్లతో చూస్తే ఇది మంచి బేరమే, ఎందుకంటే ఆయన లెక్కలో భూమి అంటే పంట, శిస్తు. రేవు అంటే వర్తకుల గొడవ. ఆయనను అమాయకుడనో దేశద్రోహి అనో తేల్చేసే ఉపన్యాసకుల తీరు నాకు నచ్చదు. అటు హైదరాబాదు కొలువు, ఇటు పరాసులు ఒత్తుకొస్తున్న వేళ చేతికందిన బలాన్ని అద్దెకు తెచ్చుకున్నాడు, అంతే.

1758 డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తిలో ఫోర్డు పరాసులను ఓడించాడు. ఆ తరువాత రాజు డబ్బు ఇవ్వడానికి వెనుకాడడంతో సైన్యం వారాల తరబడి ఆగిపోయింది. చివరికి 1759 ఏప్రిల్‌లో బందరు కోట పడింది. మే నెలలో సలాబత్ జంగ్ బందరునూ దాని చుట్టుపట్ల ప్రాంతాలనూ కంపెనీకి ఇచ్చాడు. రేవులు కంపెనీకి వచ్చాయి. లోపలి దేశం మాట ఏమైందంటే, గజపతి రాజు తాతతండ్రుల నాటి ఆనవాయితీ ప్రకారం నైజాముకు కప్పం కట్టుకుంటూ తన సీమలో తాను ఉండాలని తేలింది.

1765లో మొగలు పాదుషా ఫర్మానాతోనూ, 1766లో నైజాముతో ఒప్పందంతోనూ సర్కారులు కంపెనీపరం కాగానే కప్పం కట్టించుకునే చేయి మారింది. 1778లో మద్రాసు గవర్నరు రంబోల్డు జమీందారులను మద్రాసుకే రప్పించుకున్నాడు. అప్పటి విజయనగరం రాజు చిన విజయరామరాజు వద్దంటున్నా ఆయన సోదరుడు సీతారామరాజును దివానుగా నిలబెట్టాడు. ఇంటిలోని ఇద్దరు అన్నదమ్ములలో ఎవరి మాట చెల్లాలో రేవు పట్టణంలోని వర్తక సభ నిర్ణయించే స్థితి అలా వచ్చింది. ఆ వ్యవహారాల మీద వచ్చిన ఆరోపణలతో కంపెనీ డైరెక్టర్లు 1781లో రంబోల్డును కొలువులోంచి తీసేశారు గాని, జమీందారీ మీద పడిన పట్టు సడలలేదు. పేష్కషు (కప్పం) బాకీల పేరిట కోటను స్వాధీనం చేసుకుని రాజును బందరు వెళ్లిపొమ్మన్నారు. ఆయన వెళ్లలేదు. 1794 జూలై 10న పద్మనాభంలో కర్నల్ ప్రెండర్‌గాస్టు సేన చేతిలో, తన వెంట నిలిచిన స్థానిక నాయకులతో పాటు చిన విజయరామరాజు నేలకొరిగాడు. ఏ వంశం కంపెనీని ఈ తీరానికి పిలిచిందో ఆ వంశపు రాజే 36 ఏళ్ల తరువాత దాని తుపాకులకు బలయ్యాడు. జమీందారులు కట్టాల్సిన శిస్తును శాశ్వతంగా నిర్ణయించిన 1802 శాశ్వత పైసలా నాటికి జమీందారుల చేతిలో సైన్యం లేదు. బాకీ పడితే ఎస్టేటు వేలానికి వెళ్లేది.

మా తరగతిలో పాపారాయుడి పేరు చెప్పలేని పిల్లవాడు లేడు. పద్మనాభం యుద్ధం గురించి అడిగితే కొండ మీది అనంత పద్మనాభస్వామి గుడి గురించి చెప్పేవారు. తప్పు పిల్లలది కాదు. బొబ్బిలిలో 1891లో నిలిపిన స్తంభం ఉంది. చందుర్తిలోనూ పద్మనాభంలోనూ దారిన పోయేవాడు ఆగి చదువుకునేలా, పైన చెప్పిన ఒప్పందపు షరతులతో సహా తెలుగులో ఫలకాలు పెట్టాలని పురావస్తు శాఖను కోరుతున్నాను. రికార్డు భాండాగారాల్లో ఉన్న, జమీందారులకు సంబంధించిన కంపెనీ ఉత్తర ప్రత్యుత్తరాలను తెలుగులోకి తెచ్చి విశ్వవిద్యాలయాలు చవక ధరకు అచ్చువేయాలి. అంత పెద్ద పని ఒక్కసారిగా కాదంటే, కనీసం 1758 నుంచి 1794 వరకు విజయనగరానికి చెందిన లేఖలతో మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు