తూరిన్ కత్తి గురించి

హాలియా

చిన్నోడా,

"అంతా మోర్గోత్ శాపం నాయినా, తూరిన్ చేసిందేముంది" అని మొన్న ఫోన్‌లో అన్నావు. నువ్వు ఇంట్లో వదిలిపోయిన పుస్తకం, ఇంగ్లీషు రచయిత టోల్కీన్ రాసిన తూరిన్ కథ 'ద చిల్డ్రన్ ఆఫ్ హూరిన్', ఇప్పుడు పూర్తయింది, అందుకే రాస్తున్నా.

శాపం నిజమే. తూరిన్ తండ్రి హూరిన్ తనకు లొంగలేదని దుష్టశక్తి మోర్గోత్ ఆ పగ అతని పిల్లల మీద తీర్చుకోవడం చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. తూరిన్ చేతికి చేరిన కత్తి కూడా మంచిది కాదు. ఆకాశం నుంచి మండుతూ పడ్డ ఇనుముతో ఎయోల్ అనే కమ్మరి చేశాడు. అడవిలో ఉండనిచ్చినందుకు బదులుగా, ఇష్టం లేకుండానే థింగోల్ రాజుకు ఇచ్చాడు. చేసినవాడి మనసులోని విషం అందులో ఉందని, పట్టినవాడిని అది ప్రేమించదని రాణి మెలియన్ ముందే హెచ్చరించింది. అయినా తూరిన్ ప్రాణ స్నేహితుడు బెలెగ్ దాన్నే తీసుకున్నాడు. శత్రువులకు చిక్కిన తూరిన్ సంకెళ్లను అతను చీకట్లో కోస్తుంటే అది జారి తూరిన్ కాలికి గుచ్చుకుంది. శత్రువులనుకుని లేచిన తూరిన్ అదే కత్తి లాక్కుని చంపేశాడు. మెరుపు మెరిస్తే గానీ అది బెలెగ్ ముఖమని తెలియలేదు. ఈ చావుకు నేను తూరిన్‌ను తప్పు పట్టను. ఆలోచించడానికి రెప్పపాటు కూడా లేదు.

తూరిన్ తర్వాత చేరిన నార్గోత్రోండ్ నగరం సంగతి వేరు బిడ్డా. గుట్టుగా ఉండడమే ఆ నగరానికి రక్ష. తూరిన్ బాహాటంగా యుద్ధం చేద్దామన్నాడు, నది మీద వంతెన కట్టించాడు. స్నేహితుడు గ్విందోర్ వద్దన్నాడు. దాన్ని కూల్చేయమని దూతలు వచ్చి చెప్పారు. వినలేదు. డ్రాగన్ గ్లౌరుంగ్ ఆ వంతెన మీదుగానే వచ్చి నగరాన్ని నాశనం చేసింది. చెప్పేవాళ్లున్నారు, టైం కూడా ఉంది. దాన్ని శాపం మీదికి నెడితే నేనొప్పుకోను. నిజం చెప్పిన పాపానికి, తనకు ఆశ్రయమిచ్చిన బ్రాందిర్‌ను చంపడం కూడా అంతే.

కథ చివర కత్తి మాట్లాడటం వింతగా ఉందన్నావు. టోల్కీన్‌కు అది ఫిన్లాండ్ జానపద వీరుడు కుల్లెర్వో కథ నుంచి వచ్చింది. ఆయుధానికి ప్రాణముందనుకోవడం మనకూ కొత్తేం కాదు. సాగర్ దాటి మాచర్ల మీదుగా పోతే కారెంపూడి. కార్తీక అమావాస్యకు అక్కడికి ఊరూరి నుంచి పల్నాటి వీరుల ఆయుధాలు తెస్తారు. కొణతాలంటారు వాటిని. నాగులేట్లో స్నానం చేయించి, వీరులకు మొక్కినట్టే మొక్కుతారు. (టోల్కీన్ 1973లో పోతే, ముక్కలుగా మిగిలిన తూరిన్ కథను కొడుకు క్రిస్టఫర్ కూర్చి 2007లో పుస్తకంగా తెచ్చాడు. ఆ కొడుకు ఓపిక నాకు భలే నచ్చింది.)

నన్ను కదిలించింది కత్తి చివరి జవాబు. నా ప్రాణం తీస్తావా అని తూరిన్ అడిగితే, తీస్తానంటూ కత్తి తన యజమాని బెలెగ్ రక్తాన్ని, అన్యాయంగా పోయిన బ్రాందిర్‌ను తలుచుకుంది. ఎవరినీ ప్రేమించదన్న కత్తి అన్నేళ్లూ బెలెగ్‌ను మరిచిపోలేదు. తూరిన్ దాని మీద పడి చనిపోయాక అది విరిగి కనిపించింది. పగ తీరి విరిగిందా, బెంగతోనా? నాకైతే బెంగే అనిపిస్తుంది. నీకేమనిపించిందో రాయి.

మీ నాయిన