చోడి అంబలి లెక్క

రాజాం

చిన్నీకి,

నీ పార్సిల్ మంగళవారం అందింది. మల్టీగ్రెయిన్ పిండి రెండు ప్యాకెట్లు, "షుగర్ ఉన్నవాళ్లకు ప్రత్యేకం" అని రాసిన బిస్కెట్లు. మీ అమ్మ డబ్బాల్లో సర్దేసింది. ఫోన్లో చెబితే సగంలోనే "సరే నాన్నా" అనేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

షుగర్ అని తేలాక డాక్టరుగారు అన్నం తగ్గించమన్నారు కదా. నాకు వెంటనే మీ నాయనమ్మ కాచే చోడి అంబలి గుర్తొచ్చింది. (అక్కడ మీరు రాగులంటారు, నేను చోళ్లనే అంటాను.) పొద్దున్నే రెండు పెద్ద గ్లాసులు, పదకొండింటికి ఇంకొకటి. చోళ్లు ఒంటికి మంచివే కదా, ఎంత తాగితే ఏంటని ధీమా. మూడు వారాలయ్యాక ఓ రోజు అంబలి తాగిన రెండు గంటలకి వేలు గుచ్చి చూస్తే 241. మిషను పాడైందనుకుని పక్కింటాయన మిషను తెచ్చి చూశాను. అది 238 అంది.

తర్వాత కూర్చుని లెక్క చూశాను. మీ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టిక ప్రకారం, వంద గ్రాముల తెల్ల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములైతే, చోళ్లలో 67. పీచు మాత్రం చోళ్లలో 11 గ్రాములు, బియ్యంలో మూడు లోపే. నేను పీచు చూసి మురిసిపోయి, ఆ 67ని మరిచిపోయాను. పైగా మెత్తగా మర పట్టించి, ఉడికించి, జారుడుగా తాగితే నమిలే పని లేదు, అరగడానికీ ఎంతోసేపు పట్టదు. షుగర్ చప్పున ఎక్కేస్తుంది. మీ నాయనమ్మ అంబలి తాగి నాట్లకి వెళ్లేది. నేను తాగి పేపరు చదివేవాణ్ని.

ఇప్పుడు కంచంలో సగం కూరే. ఆనపకాయో, తోటకూరో, దాని పక్కన పప్పు. ముందు కూర కొంత తిని ఆ తర్వాతే అన్నం. సీతంపేట సంత నుంచి తెప్పించిన సామలు, గింజ గింజగా వండినవి, కొలిచి ఒక కప్పు. మొదటిరోజు కప్పు చూసి "పిల్లికి పెట్టావా?" అన్నాను మీ అమ్మతో. అది తిన్న రెండు గంటలకి 164. మొన్న సామలు నోటికి హితవుగా ఉన్నాయని రెండో కప్పు వేసుకున్నాను, 210 దాటింది. మాత్ర మాత్రం ఒక్క పూటా మానలేదు, కంగారు పడకు.

నీ పిండి ప్యాకెట్ వెనక సన్న అక్షరాలు కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. ఏది ఎక్కువుంటే దాని పేరు ముందు రాయాలి కదా, మొదట ఉన్నది గోధుమే. చోళ్లు, జొన్నలు, కొర్రలు ఆ చివరెక్కడో ఉన్నాయి. ముందున్న బొమ్మలో మాత్రం అన్నీ సమానంగా పోసి ఉన్నాయి! బిస్కెట్లలో పంచదార లేదు సరే, మైదా ఉంది.

దసరాకి వచ్చేటప్పుడు ఇవేవీ కొనకు. నా మిషనుకి స్ట్రిప్పులు రెండు డబ్బాలు తీసుకురా, చాలు. అంబలి పూర్తిగా మానలేదులే. వారానికి రెండుసార్లు, మజ్జిగ ఎక్కువ పోసి చిన్న గ్లాసు. ఆ గ్లాసు నీ చిన్నప్పటి స్టీలు గ్లాసే, నీ పేరు చెక్కించింది.

మీ నాన్న