మా అమ్మ చెవి గురించి అడిగితే వోచర్ పంపారు

నోడల్ అధికారి గారికి,

విషయం: ఢిల్లీ – హైదరాబాద్ విమానంలో క్యాబిన్ ప్రెషర్ (లోపలి గాలి ఒత్తిడి) పోయిన ఘటనపై ఏడు వారాలుగా మీ సంస్థ సమాధానం ఇవ్వకపోవడం.

అయ్యా,

ఇది నేను మీకు రాస్తున్న ఆరో మెయిల్. ముందు రాసిన అయిదింటికీ "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది" అనే ఒకే జవాబు వచ్చింది. నేను అభిప్రాయం రాయలేదండీ. మా అమ్మ ముక్కులోంచి రక్తం కారిందని రాశాను.

నాన్నగారి సంవత్సరీకం అయ్యాక అమ్మను కాశీ తీసుకెళ్ళాను. తిరుగు ప్రయాణంలో ఢిల్లీలో మీ విమానం ఎక్కాం. అమ్మకు 68 ఏళ్ళు. విమానం పైకి లేచిన కాసేపటికే చెవులు బిగుసుకుపోయాయి. అమ్మ ఒళ్ళో పెట్టుకున్న కారప్పూస ప్యాకెట్ బెలూన్‌లా ఉబ్బిపోయింది. వెనక సీట్లో చంటిపిల్ల గుక్కపట్టి ఏడ్చింది. అంతలో పైనుంచి పసుపు మాస్కులు పడ్డాయి. ఏదో కాలుతున్న వాసన. మాస్కును కిందికి లాగితేనే ఆక్సిజన్ వస్తుందని నాకు తెలుసు గనుక అమ్మది కూడా నేనే లాగి పెట్టాను. హిందీలో, ఇంగ్లీషులో ఏదో గబగబా చెప్పారు. అమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నా చెయ్యి పట్టుకుని "ఏమైందే, పడిపోతున్నామా?" అని అడుగుతూనే ఉంది. విమానం జోరుగా కిందికి దిగుతుంటే చెవి పట్టుకుని మూలిగింది. మాస్కు తీసి చూస్తే పైపెదవి మీద, చీర అంచు మీద రక్తం.

విమానం మళ్ళీ ఢిల్లీలోనే దిగింది. పైలట్లు దింపారు, ప్రాణాలు దక్కాయి. దానికి దండం పెడతాను. నా బాధ ఆ తర్వాతి సంగతుల గురించి.

ఎయిర్‌పోర్టులో మీ కౌంటర్ దగ్గర డాక్టర్ని పిలవమన్నాను. ఆ అబ్బాయి స్క్రీన్ మీంచి తల ఎత్తకుండానే "టెక్నికల్ ఇష్యూ మేడమ్, కస్టమర్ కేర్‌కి మెయిల్ చేయండి" అన్నాడు. మేము అక్కడ నాలుగు గంటలు కూర్చున్నాం. నీళ్ళ బాటిల్ కూడా ఎవరూ ఇవ్వలేదు. వేరే విమానంలో హైదరాబాద్ చేరేసరికి రాత్రి ఒంటిగంట.

మర్నాడు మీ కాల్ సెంటర్‌కి ఫోన్ చేశాను. మొదటి అమ్మాయి "మీ ఫ్లైట్ క్యాన్సిల్ కాలేదు కదా, ఆలస్యం అయింది అంతే" అని, ఆలస్యం కింద కంప్లైంట్ రాసింది. నేను చెప్పింది ఆలస్యం గురించి కాదు. రెండోసారి మాట్లాడినతను బోర్డింగ్ పాస్ ఫొటో పంపమన్నాడు, పంపాను. మూడోసారి మాట్లాడినతను ఆ ఫొటో రాలేదన్నాడు, మళ్ళీ పంపాను. ఆ సాయంత్రమే "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారని ఫోన్ చేసి అడిగితే, క్లోజ్ అయిన కంప్లైంట్ తమకు కనిపించదని, మళ్ళీ కొత్తగా కంప్లైంట్ ఇవ్వమని అన్నారు. ఇలా మూడు కంప్లైంట్ నంబర్లు మారాయి. నేను బడిలో టీచర్ని. ఇంటర్వెల్‌లో స్టాఫ్‌రూమ్ బయట నిలబడి ఫోన్‌లో మీ మ్యూజిక్ వింటూ ఉంటే బెల్ కొట్టేసేవారు.

వీటన్నిటికంటే నన్ను కుంగదీసిన మాట ఒకటుంది. నాలుగో వారంలో మీ మనిషి ఒకరు "టికెట్ మీ అమ్మగారి పేరు మీద ఉంది. వెరిఫికేషన్‌కి ఆవిడే ఫోన్‌లో మాట్లాడాలి" అన్నారు. ఈఎన్‌టీ డాక్టర్ రిపోర్టు అప్పటికే మీ దగ్గరుంది. కుడి కర్ణభేరికి చిల్లు పడిందని అందులో స్పష్టంగా ఉంది. అయినా అమ్మకు ఫోన్ ఇచ్చాను. పుట్టిన తేదీ మూడుసార్లు అడిగారు. అమ్మకు వినపడక మూడుసార్లూ "ఆఁ?" అంది. "కస్టమర్ సహకరించడం లేదు" అని లైన్ కట్ చేశారు. అమ్మ ఫోన్ నా చేతికిచ్చి, ఏం తప్పు చేశానన్నట్టు నా మొహంలోకి చూసింది. ఆ తర్వాత మూడు రోజులకు 500 రూపాయల వోచర్ వచ్చింది. మీ విమానంలోనే 90 రోజుల్లో వాడుకోవాలట.

2014 నుంచి మా ఇంట్లో ఎవరు ఎక్కడికి వెళ్ళినా మీ విమానమే. వేరేవాళ్ళ టికెట్ వెయ్యి రూపాయలు తక్కువున్నా, నాన్నగారు మీకే బుక్ చేయించేవారు, "వీళ్ళు టైముకి దింపుతారు" అని. ఆ నమ్మకాన్ని మీరు ఏడు వారాల్లో పోగొట్టుకున్నారు.

మీరు చెప్పకపోతే నేనే చదువుకున్నాను. 2018 సెప్టెంబరు 20న ముంబయి – జైపూర్ జెట్ ఎయిర్‌వేస్ విమానంలో క్యాబిన్‌లోకి గాలి పంపే బ్లీడ్ స్విచ్ వేయడం సిబ్బంది మర్చిపోయారు. 166 మంది ప్రయాణికుల్లో సుమారు 30 మందికి ముక్కుల్లోంచి, చెవుల్లోంచి రక్తం వచ్చింది. 2005 ఆగస్టు 14న సైప్రస్ దేశపు హీలియోస్ సంస్థ విమానంలో ప్రెషర్ స్విచ్ ఆటోమేటిక్‌లో కాకుండా మాన్యువల్‌లో ఉండిపోయింది. పైలట్లు గమనించలేదు. హెచ్చరిక హారన్ మోగితే అది వేరే దేనికో అనుకున్నారు. గ్రీస్‌లోని ఏథెన్స్ దగ్గర కొండల్లో కూలి 121 మంది పోయారు. ఇవి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే అడుగుతున్నాను. మాస్కులు వాటంతటవే పడ్డాయంటే క్యాబిన్ లోపల గాలి 14,000 అడుగుల ఎత్తులో ఉండేంత పల్చబడిందనే కదా? కాక్‌పిట్‌లో హారన్ 10,000 అడుగుల దగ్గరే మోగాలి కదా? ఆ మధ్యలో ఏం జరిగింది? యంత్రం చెడిందా, ఎవరైనా స్విచ్ మర్చిపోయారా? తప్పు మనిషిదైతే అలా అని చెప్పండి. మనుషులు తప్పులు చేస్తారని పిల్లలకు పాఠం చెప్పేదాన్ని నేను. కానీ ఏడు వారాలు నోరు విప్పకపోవడాన్ని నేను క్షమించలేను.

వైద్యం ఖర్చు బిల్లులు జత చేశాను. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకి, ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవలో ఫిర్యాదు చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కీ వెళ్తాను. ఆ రోజు నాతో ప్రయాణం చేసిన తొమ్మిది కుటుంబాల నంబర్లు నా దగ్గరున్నాయి. వాళ్ళూ వస్తారు.

ఇంకోమాట. దయచేసి అమ్మకు ఫోన్ చేయకండి. ఇప్పటికీ తలస్నానానికి ముందు వేజలీన్ రాసిన దూది ఆవిడ కుడి చెవిలో నేనే పెడుతున్నాను. చెప్పేదేదో కాగితం మీద రాసి పంపండి, తెలుగులో. ఆవిడే చదువుకుంటుంది.

ఇట్లు,
మీ పాత ప్రయాణికురాలు,
హైదరాబాద్