ఆదివారం ఉదయం డాబా మీద ధ్యానం

అందరికీ నమస్కారమండీ!

ఈ ఆదివారం, డిసెంబర్ 21, ప్రపంచ ధ్యాన దినోత్సవం. 2024లో ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. మన డాబా మీద ఉదయం 6 నుంచి 6:30 దాకా కూర్చుందాం.

చాపలు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. మంచుకి డాబా తడిసి ఉంటుంది, కింద గోనెసంచి వేసుకుంటే మేలు. భీమవరంలో చలి సంగతేమో గానీ దోమలు మాత్రం గ్యారంటీ, ఫుల్ హ్యాండ్స్ వేసుకు రండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి కుర్చీలు వేయిస్తాం. ఎన్ని కావాలో శనివారం సాయంత్రంలోగా ఇక్కడే చెప్పండి.

చేసేది పెద్ద పనేం కాదు. కళ్ళు మూసుకుని వచ్చే పోయే ఊపిరిని గమనించడమే. మనసు రొయ్యల రేటు మీదకి పోతుంది. పోనీండి, మళ్ళీ ఊపిరి మీదకి తెచ్చుకోండి. ధనుర్మాసం కదా, గుడి మైకులో తిరుప్పావై కూడా వస్తుంది, విసుక్కోకండి.

ఊపిరి నెమ్మదిస్తే గుండె వేగం తగ్గుతుంది, ఒంట్లో బిగువు సడలుతుంది. ధ్యానంతో బీపీ కొంత తగ్గొచ్చని, కానీ అది వైద్యానికి తోడు మాత్రమేనని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017లో చెప్పింది. అంచేత బీపీ బిళ్ళలు మానేస్తామంటే నేనొప్పుకోను!

మర్చిపోకండి: ఫోన్లు సైలెంట్‌లో పెట్టాలి. టిఫిన్ ధ్యానం అయ్యాకే. డాబా తాళం 5:45కి తీస్తాం.