ఏసీ ఖర్చు అన్ని ఇళ్లకీ ఒకటే ఎలా అవుతుంది?

సంపాదకులకు నమస్కారం.

అయ్యా,

ఈ నెల మొదట్లో మీ జిల్లా పేజీలో ఇంట్లో ఏసీ వేస్తే నెలకు ఎంతవుతుందో చెబుతూ ఒక కథనం వేశారు. చదివిన రోజే రాద్దామనుకున్నాను గానీ ఇంటి పనుల్లో కుదరలేదు. ఈలోగా మా వీధిలో నలుగురూ ఆ లెక్కనే పట్టుకుని మాట్లాడుకోవడం విన్నాక ఇక రాయక తప్పదనిపించింది.

మీ విలేకరి లెక్క ఇదీ: ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు ఒకటిన్నర యూనిట్లు కాలుస్తుంది, రాత్రికి 8 గంటల చొప్పున నెలకు 360 యూనిట్లు, యూనిట్ 6 రూపాయలు, మొత్తం 2,160. ఇందులో గుణకారం తప్ప ఏదీ సరిగ్గా లేదు.

టన్ను అన్నది ఆ మిషను గదిలోంచి ఎంత వేడిని బయటికి తోడగలదో చెప్పే కొలత. ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూలు (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం), సుమారు మూడున్నర కిలోవాట్ల వేడి. కరెంటు ఎంత కాలుతుందో దాన్నిబట్టి తెలియదు. పైగా ఇప్పుడు అందరూ కొంటున్నవి ఇన్వర్టర్ ఏసీలు. గది చల్లబడ్డాక కంప్రెషర్ నెమ్మదిస్తుంది, రాత్రంతా ఒకే ఊపున నడవదు. కొత్త ఏసీ మీద నక్షత్రాల స్టిక్కర్ ఉంటుంది. నక్షత్రాలు లెక్కపెట్టుకుని వచ్చేస్తారు గానీ అదే స్టిక్కర్ మీద ఉన్న యూనిట్ల అంకె చూసేవాళ్లు తక్కువ. ఏడాదికి 1,600 గంటలు వాడితే ఎన్ని యూనిట్లు కాలుతుందో ఆ అంకె చెబుతుంది. అక్కడ 960 అని ఉందనుకోండి, 1,600తో భాగిస్తే గంటకు 0.6 యూనిట్. రాత్రికి 8 గంటలకు 4.8, నెలకు 144. మీరు వేసిన 360 ఎక్కడ, ఇదెక్కడ?

ఇక యూనిట్‌కు 6 రూపాయలన్నది ఇంకా పెద్ద పొరపాటు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో వచ్చిన టారిఫ్ ప్రకారం ఇళ్లకు మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఏసీ యూనిట్లు ఇంట్లో ఎప్పుడూ ఉండే వాడకం మీద వచ్చి పడతాయి. చౌక శ్లాబుల్ని చాలావరకు ఫ్యాన్లు, ఫ్రిజ్, మోటారు అప్పటికే వాడేసుకుని ఉంటాయి. ఏసీకి ఎక్కువగా మిగిలేది పై ధరే.

అందుకే ఆ 144 యూనిట్లకే మూడు ఇళ్లలో మూడు ఖర్చులు వస్తాయి. మామూలుగా 60 యూనిట్లు కాల్చే ఇంట్లో అదనంగా పడేది 744 రూపాయలు. 150 కాల్చే ఇంట్లో 1,054. అత్తమామలు, పిల్లలు అందరూ కలిసుండి 260 దాకా వచ్చే ఇంట్లో 1,264. సర్దుబాటు చార్జీలూ (ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చు పెరిగిందని తర్వాత వసూలు చేసేవి) సుంకమూ వేరు. మిషను అదే, గంటలు అవే. అలాంటప్పుడు జిల్లా అంతటికీ కలిపి ఒక్క అంకె ఎలా వేస్తారు? మా పక్కింటావిడ మొదటి నెల బిల్లు పట్టుకొచ్చి, "రేత్రిపూట ఒక్క గదిలో ఏసినందుకే ఇంతొచ్చీసిందేటి పిన్నీ, మీటరు గాని పాడైపోనాదా?" అని అడిగింది. మీటరు బాగానే ఉంది. ఆవిడ ఇల్లు 225 దాటి 8.75 శ్లాబులోకి వెళ్లింది, అంతే. ఆ ముక్క ముందే చెప్పినవాళ్లు లేరు. ఏసీ అమ్మిన దుకాణంలో చెప్పలేదు, బిల్లు తీసిన అబ్బాయి చెప్పలేదు, చెప్పాల్సిన పత్రిక తప్పుగా చెప్పింది.

స్టిక్కర్ అంకె కూడా మన ఊళ్లో ఉన్నదున్నట్టు సరిపోదు. శ్రీకాకుళంలో మే నెల ఉక్కపోత తెలిసిందే. ఇక్కడ ఏసీ గాలిని చల్లబరచడంతో పాటు అందులోని తేమనీ పిండాలి. తెల్లారేసరికి బయటి పైపు కింద పెట్టిన బకెట్ నిండిపోతుంది. ఆ నీళ్లు ఊరికే రావు, వాటికీ కరెంటు అవుతుంది. పైఅంతస్తు అయితే డాబా పగలంతా కాలి అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. కళింగపట్నం, బారువ వైపు ఉప్పుగాలికి ఏసీ బయటి పెట్టెలోని కాయిల్ తుప్పు పట్టి పాడవుతుంది, అప్పుడు అదే చల్లదనానికి ఇంకా ఎక్కువ కాలుతుంది. రాజధానిలోనో హైదరాబాద్‌లోనో వేసిన లెక్కని ఇక్కడికి దించితే ఇవేవీ అందులో ఉండవు.

నికరమైన లెక్క మీటరే చెబుతుంది. పడుకునే ముందు మీటరు మీద కేడబ్ల్యూహెచ్ (అంటే యూనిట్లు) రీడింగ్ రాసుకుని, లేవగానే మళ్లీ చూడాలి. ఏసీ వేయని రాత్రి కూడా అలాగే చూసి తీసేస్తే మిగిలింది ఏసీది. ఇది రాయడానికి మీకు నాలుగు వాక్యాలు చాలు.

అయితే తప్పంతా మీదే అనను. బిల్లు చూసి సామాన్యుడు లెక్క కట్టుకోగలడా? కంటికి ఆనని అక్షరాలు, జేబులో వారం ఉంటే వెలిసిపోయే కాగితం. 2022-23లో కాల్చిన కరెంటుకి సర్దుబాటు పేరుతో 2024 డిసెంబరు నుంచి వసూలు మొదలుపెట్టారు. ఈ రాత్రి వేసుకునే ఏసీకి రెండేళ్ల తర్వాత ఇంకెంత కట్టమంటారో తెలియనప్పుడు ఇల్లు నడిపేవాళ్లు బడ్జెట్ ఎలా వేసుకోవాలి? అడుగుదామని వెళితే కౌంటర్లో, "పైనుంచే అలా వస్తోందమ్మా" అంటారు. ఆ పైన ఎవరున్నారో ఎవరూ చెప్పరు.

2020 జనవరి నుంచి స్టార్ రేటింగ్ ఉన్న కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని నిబంధన. ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్రం సంస్థే చెబుతోంది. పొదుపు చేయమని మాకు కరపత్రాలు పంచే ఆఫీసుల్లోకి వెళితే 18 డిగ్రీలు, తలుపులు బార్లా తెరిచి, గదిలో మనిషి లేడు. ఆ బిల్లూ మన పన్నుల్లోంచే కదా. రిమోట్ మీద ఒక్క బటన్ నొక్కడానికి కూడా ప్రత్యేకంగా జీవో రావాలా?

దయచేసి శ్లాబుల పట్టికని, మూడు రకాల ఇళ్లకీ విడివిడిగా లెక్కలతో, మీ జిల్లా పేజీలో పెద్ద అక్షరాలతో వేయండి. ఆ పాత కథనానికి సవరణ కూడా అదే చోట వేయండి. పండగ ఆఫర్ల ప్రకటనలకి సగం పేజీ ఇస్తున్నారు, దీనికి పావు పేజీ ఇవ్వండి. బిల్లు మీద ఈ నెల ఏ శ్లాబులో ఎన్ని యూనిట్లు పడ్డాయో తెలుగులో, చదవగలిగే అక్షరాల్లో అచ్చువేయమని అధికారుల్ని అడిగి, వాళ్లేం చెప్పారో కూడా రాయండి.

ఇట్లు,
ఒక గృహిణి,
పాలకొండ రోడ్డు, శ్రీకాకుళం